ఖరీదైన కేబుల్ కొంటే బేస్ గిటార్ ఇంకా నిండుగా పలుకుతుందా?

ప్రశ్న: నేను నాలుగేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. నాలుగు స్ట్రింగ్స్ ఉన్న ప్యాసివ్ గిటార్, బ్యాటరీ లేనిది. మా బ్యాండ్‌కు నెలకు రెండు మూడు ప్రోగ్రాంలు ఉంటాయి. గిటార్‌తో పాటు వచ్చిన కేబులే ఇన్నాళ్లూ వాడాను. ఈ మధ్య అది కదిలినప్పుడల్లా కరకరమంటోంది. కొత్తది కొందామని వెళితే షాపులో ఒకటి చూపించి, ఇది బేస్ కోసమే ప్రత్యేకంగా చేసిన కేబుల్ అన్నారు. లోపల తీగ లావుగా ఉంటుందట, అడుగు స్వరాలు నిండుగా వస్తాయట. దాని మీద బాణం గుర్తు కూడా ఉంది, ఆ దిక్కుగానే పెట్టాలట. ధర చూస్తే నా గిటార్ ధరలో నాలుగో వంతు! మా కీబోర్డ్ అన్న "పిండి కొద్దీ రొట్టె, ఆలోచించకుండా కొనెయ్" అంటున్నాడు. మా డ్రమ్మర్ "వైరు వైరే, ఏదైనా ఒకటే" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక బేస్ గిటారిస్ట్

సమాధానం: ఆ కేబుల్ కొనకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఎంత డబ్బు పోసి కొన్నా, మీ గిటార్‌లో లేని మంద్రాన్ని ఏ కేబులూ తెచ్చిపెట్టలేదు. అలాగని మీ డ్రమ్మర్ మాట కూడా పూర్తిగా నిజం కాదు. కేబుల్‌కీ కేబుల్‌కీ తేడా ఉంది. ఒక్కోసారి చెవికి తెలుస్తుంది కూడా. కాకపోతే షాపులో చెప్పినచోట అది లేదు. ఎక్కడుందో తెలిస్తే డబ్బు ఎంతవరకు పెట్టాలో, ఎక్కడ ఆపాలో మీరే తేల్చుకోగలరు.

కేబుల్‌ను అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సన్నటి రాగి పోగులు పేనిన తీగ ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మీద రాగి పోగులతో అల్లిన వల. ఆ వలనే షీల్డ్ అంటాం. అన్నిటికీ పైన రబ్బరు లాంటి మెత్తటి తొడుగు. సిగ్నల్ మధ్య తీగలో వెళుతుంది, షీల్డ్ దానికి తిరుగు దారి. చుట్టుపక్కల కరెంటు వైర్ల నుంచి, లైట్ల నుంచి వచ్చే గోలను లోపలికి రానివ్వకుండా ఆపేది కూడా ఆ షీల్డే.

ఇక మీ గిటార్ పికప్ అంటే, అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. దాని నిరోధం మామూలుగా ఏడెనిమిది వేల ఓమ్‌ల నుంచి పది పదకొండు వేల ఓమ్‌ల దాకా ఉంటుంది. ఆరు మీటర్ల కేబుల్‌లోని మధ్య తీగ నిరోధం ఒక ఓమ్ కూడా ఉండదు. వెండి రాగి కన్నా కొన్ని శాతం మెరుగ్గా కరెంటును మోస్తుందన్న మాట నిజమే. కానీ వేల ఓమ్‌ల కాయిల్ దాటి వచ్చిన సిగ్నల్‌కు, ఆ ఒక్క ఓమ్‌లో కొంచెం తగ్గినా పెరిగినా ఒరిగేదేమీ లేదు. లావు తీగ అని, వెండి పూత అని, ఆక్సిజన్ లేని రాగి అని చెప్పే మాటలన్నీ ఈ ఒక్క లెక్క దగ్గర ఆగిపోతాయి.

ధ్వనిలో అసలు తేడా తెచ్చేది కెపాసిటెన్స్, అంటే కొద్దిపాటి విద్యుత్తును నిల్వ ఉంచుకునే గుణం. మధ్య తీగ, చుట్టూ షీల్డ్, నడుమ ప్లాస్టిక్ మూడూ కలిసి ఒక పొడవాటి కెపాసిటర్ అవుతాయి. దాన్ని పికోఫారడ్లలో కొలుస్తారు. మామూలు గిటార్ కేబుళ్లు మీటరుకు 100 పికోఫారడ్లకు అటూ ఇటూగా ఉంటాయి. తక్కువ కెపాసిటెన్స్ అని చెప్పి అమ్మేవి అరవై డెబ్బై దగ్గర, ఎక్కువున్నవి నూట యాభై దాటి కూడా ఉంటాయి. పొడవు పెరిగితే ఆ లెక్కా పెరుగుతుంది. ఈ కెపాసిటర్ ఏం చేస్తుందంటే, సిగ్నల్‌లోని పై స్వరాలను కొంతమేర షీల్డ్‌లోకి జారవిడుస్తుంది. ఇది మీకు తెలియని విషయమేమీ కాదు. మీ గిటార్ మీద ఉన్న టోన్ నాబ్ కూడా ఇదే పని చేస్తుంది. దాని వెనక ఉండే కెపాసిటర్ బేస్ గిటార్లలో చాలావరకు 0.047 మైక్రోఫారడ్, అంటే 47,000 పికోఫారడ్లు. మీ ఆరు మీటర్ల కేబుల్ 600 అనుకుందాం. టోన్ నాబ్ పూర్తిగా తగ్గించినప్పుడు పనిచేసే కెపాసిటర్‌లో అది దాదాపు ఎనభయ్యో వంతు. కేబుల్ మార్చితే వచ్చే మార్పు ఏ పాటిదో దీన్నిబట్టే ఊహించవచ్చు.

ఇప్పుడు అడుగు స్వరాల సంగతి. మీ లావుపాటి ఈ స్ట్రింగ్ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అయిదు స్ట్రింగ్స్ గిటార్‌లో బీ స్ట్రింగ్ 31 హెర్ట్జ్ దగ్గర. 500 పికోఫారడ్ల కెపాసిటర్ 41 హెర్ట్జ్ దగ్గర సుమారు ఎనభై లక్షల ఓమ్‌ల అడ్డుగోడలా ఉంటుంది. మీ ఆంప్ (యాంప్లిఫైయర్) ఇన్‌పుట్టే మామూలుగా పది లక్షల ఓమ్‌లు. అంటే ఆ కెపాసిటర్ గుండా అడుగు స్వరాలు జారిపోయే దారే లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న పాత కేబుల్‌లోనే, అది కరకరమనని క్షణాల్లో, మంద్రం మొత్తం చెక్కుచెదరకుండా ఆంప్‌కు చేరుతోంది. పోనిదాన్ని ఏ కేబుల్ తిరిగి తెస్తుంది? అందుకే "బేస్ కేబుల్" అన్న పేరు నేతి బీరకాయ లాంటిది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, అందులో బేస్ అంతే.

మరి కొందరు కొత్త కేబుల్ పెట్టగానే "అబ్బ, ఎంత గంభీరంగా ఉందో" అంటారు, అది అబద్ధమా అంటే అబద్ధం అననక్కర్లేదు. కెపాసిటెన్స్ ఎక్కువున్న కేబుల్ పై స్వరాలను కాస్త మెత్తబరుస్తుంది. పైది తగ్గితే కిందది పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది. అదే పని మీ టోన్ నాబ్‌ను కొంచెం తిప్పితే పైసా ఖర్చు లేకుండా జరుగుతుంది.

పై స్వరాల దగ్గర మాత్రం తేడా నిజంగానే ఉంది. పికప్ కాయిల్, కేబుల్ కెపాసిటెన్స్ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న శిఖరం లాంటిది ఏర్పరుస్తాయి. అది దాటాక ధ్వని వేగంగా పడిపోతుంది. ఉదాహరణకు మీ పికప్ ఇండక్టెన్స్ (కరెంటులోని మార్పును అడ్డుకునే కాయిల్ గుణం) 4 హెన్రీలు, దాని సొంత కెపాసిటెన్స్ 120 పికోఫారడ్లు అనుకుందాం. మీటరుకు 60 ఉన్న మూడు మీటర్ల కేబుల్ పెడితే ఆ శిఖరం సుమారు 4,600 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మీటరుకు 150 ఉన్న ఆరు మీటర్ల కేబుల్ పెడితే 2,500 దగ్గరికి దిగుతుంది. కాగితం మీద ఇది పెద్ద తేడానే. స్లాప్ చేసేటప్పుడు, అంటే స్ట్రింగ్‌ను బొటనవేలితో కొట్టేటప్పుడు వినిపించే టక్కుమనే మెరుపు, ఫ్రెట్‌కు స్ట్రింగ్ తగిలే చప్పుడు, ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ల) గీత, పైన గుండ్రటి తీగ చుట్టిన కొత్త రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్ తళుకు అన్నీ ఉండేది ఈ ప్రాంతంలోనే. గదిలో ఒంటరిగా, టోన్, వాల్యూమ్ రెండూ పూర్తిగా తెరిచి, మంచి స్పీకర్ మీద వాయిస్తే ఆ రెండు కేబుళ్ల తేడా మీకు వినిపిస్తుంది.

అయితే అదే తేడాను బ్యాండ్ మధ్యలో వెతకండి. డ్రమ్స్ సింబల్స్, గిటార్, కీబోర్డ్, గొంతు అన్నీ ఆ ప్రాంతంలోనే కిక్కిరిసి ఉంటాయి. మీరు వేళ్లతో వాయిస్తూ, పైన చదునైన తీగ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ వాడేవారైతే, పోగొట్టుకోవడానికి అక్కడ అసలు పెద్దగా ఏమీ ఉండదు. అమెరికన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటల్లో వాయించిన బేస్ వినండి. ఆయన ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క పెట్టుకుని, చూపుడువేలు ఒక్కదానితో వాయించాడు. ఆ పలుకును ఇప్పటికీ అందరూ వెతుక్కుంటున్నారు. అదంతా వేలిలో, స్ట్రింగ్‌లో, స్పాంజిలో ఉంది.

ఇంకో మాట. తక్కువ కెపాసిటెన్స్ అంటే మంచి కేబుల్, ఎక్కువంటే చెడ్డది అనుకోకండి. స్టూడియోల్లో ఎంతో నమ్మకంగా వాడే కానరే జీఎస్-6, మొగామీ 2524 కేబుళ్ల కెపాసిటెన్స్ ఏమంత తక్కువ కాదు. మీటరుకు 130 నుంచి 160 పికోఫారడ్ల మధ్య ఉంటుంది. వాటిని జనం ఇష్టపడేది గట్టిదనానికి, నిశ్శబ్దానికి. పై స్వరాలు ఎంత ఉండాలన్నది రుచికి సంబంధించిన విషయం. స్లాప్ వాయించేవారికి మెరుపు కావాలి, నెమ్మది పాటల వెనక నడిచే బేస్‌కు అదే మెరుపు అడ్డం పడుతుంది.

మీ ప్యాసివ్ గిటార్‌లో గమనించదగ్గది ఒకటుంది. వాల్యూమ్ నాబ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పటికన్నా కొంత తగ్గించినప్పుడు కేబుల్ ప్రభావం బాగా పెరుగుతుంది. 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ నాబ్ నిరోధంలో సగానికి వచ్చినచోట, సిగ్నల్ బయటికి రావడానికి దాదాపు అరవై వేల ఓమ్‌లు దాటాలి. అప్పుడు 500 పికోఫారడ్ల కేబుల్ అయితే ధ్వని 5,000 హెర్ట్జ్ దగ్గర దిగడం మొదలవుతుంది, 1,000 అయితే 2,500 దగ్గరే. స్టేజీ మీద వాల్యూమ్ నాబ్ సగంలో పెట్టుకుని "నా బేస్ మొద్దుబారింది" అనుకునేవారికి కారణం చాలాసార్లు ఇదే. నాబ్ పూర్తిగా తెరిచి, ఆంప్ దగ్గర తగ్గించుకోండి. ఇంత తేడా మీకు ఏ ఖరీదైన కేబులూ ఇవ్వదు.

రేపు మీరు బ్యాటరీతో నడిచే యాక్టివ్ గిటార్ కొంటే ఈ చర్చ చాలావరకు ముగిసిపోయినట్టే. అందులో పికప్ తర్వాత ఒక చిన్న ప్రీఆంప్ ఉంటుంది, అది సిగ్నల్‌ను బలంగా తోస్తుంది. కెపాసిటెన్స్ ఉన్నా పై స్వరాలు వినపడేంతగా తగ్గవు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే నుంచి ఈ పద్ధతి బేస్ గిటార్లలో బాగా వ్యాపించింది. మీ ప్యాసివ్ గిటార్ తర్వాత కూడా బఫర్ (సిగ్నల్‌ను ఇలాగే బలంగా తోసే సర్క్యూట్) ఉన్న పెడల్, అంటే కాలితో నొక్కే పెట్టె ఒకటి మొదట పెడితే, ఆ తర్వాత వచ్చే కేబుళ్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది. గిటార్ నుంచి ఆ పెడల్ దాకా ఉన్న మొదటి కేబుల్ ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ట్రూ బైపాస్ పెడల్స్, అంటే ఆపినప్పుడు సిగ్నల్‌ను ఏ సర్క్యూట్ గుండా పోనీయకుండా నేరుగా దాటించేవి అయితే తిరకాసు ఉంది. అన్నీ ఆపేసినప్పుడు గిటార్ నుంచి ఆంప్ దాకా ఉన్న కేబుళ్లన్నీ కలిసి ఒకే పొడవాటి కేబుల్ అవుతాయి.

ఇక డబ్బు పెట్టాల్సిన అసలు చోటుకు వద్దాం. ఇది నా అనుభవంలోంచి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక ప్రోగ్రాంలో పాట మధ్యలో నా బేస్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగిపోతూ స్పీకర్లలో ఒక్కసారిగా గుర్రుమని పెద్ద మోత. సౌండ్ చూసే ఆయన గబగబా నా చానల్ మూసేశాడు. డ్రమ్మర్ నా వైపు చూస్తున్నాడు, పాడే అమ్మాయి చరణం మధ్యలో శ్రుతి కోసం వెతుక్కుంటోంది. బేస్ పోతే పాట కింద నేల పోయినట్టే ఉంటుంది. అది ఆ రోజు నాకు కడుపులో తెలిసింది. నా దగ్గర రెండో కేబుల్ లేదు. గిటారిస్ట్ తన పెడల్ పక్కనున్న కేబుల్ ఒకటి లాగి విసిరేదాకా ఒక చరణం మొత్తం బేస్ లేకుండానే గడిచింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక జాక్ మూత విప్పి చూశాను. షీల్డ్ పోగులన్నీ ఒక కట్టగా మెలేసి సోల్డర్ చేసి ఉన్నాయి. సోల్డర్ ఎక్కడ ముగిసిందో సరిగ్గా ఆ అంచు దగ్గర, కత్తిరించినట్టు, పోగులన్నీ వరసగా తెగిపోయి ఉన్నాయి. రెండంటే రెండు పోగులు మిగిలాయి. వేలితో తాకితే అవీ ఊడొచ్చాయి. కేబుల్ తొడుగును గట్టిగా పట్టుకోవాల్సిన రేకు క్లాంప్ దాన్ని పట్టుకోనేలేదు, అంచున ఊరికే ఆని ఉంది. అంటే నేను స్టేజీ మీద అడుగు వేసిన ప్రతిసారీ లాగుడంతా ఆ సన్నని పోగుల మీద పడుతూ వచ్చింది. అది చవక కేబుల్ కాదు. అప్పట్లో నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది. బయట మెరిసే అల్లిక తొడుగు, బంగారు పూత జాక్, అందమైన పెట్టె. లోపల అతుకు పని మాత్రం ఎవరో తొందరలో చేసింది.

కేబుల్ పోయేది దాదాపు ఎప్పుడూ జాక్ దగ్గరే, లేదా జాక్‌కు రెండు మూడు అంగుళాల లోపల. మీ డబ్బు పోవాల్సింది అక్కడికే. మెలి పడకుండా కేబుల్‌ను గట్టిగా పట్టుకునే జాక్, శుభ్రమైన సోల్డరింగ్, బాగా దట్టంగా అల్లిన షీల్డ్. మరలు తిప్పి మూత విప్పగలిగే మెటల్ జాక్ అయి ఉండాలి. ప్లాస్టిక్ కరిగించి అచ్చుపోసిన జాక్ లోపల ఏం జరిగినా విప్పి బాగుచేసే వీలుండదు, కోసి పారేసి కొత్తది వేయాల్సిందే. న్యూట్రిక్, స్విచ్‌క్రాఫ్ట్, ఆంఫినాల్ లాంటి జాక్‌లు ఉన్న మధ్యరకం కేబుల్ మీకు సరిపోతుంది. మీ కీబోర్డ్ అన్న చెప్పిన "పిండి కొద్దీ రొట్టె" ఈ మధ్యరకం దాకా నిజం. దాని పైన పెట్టే ప్రతి పైసా పెట్టెకీ, తొడుగు మెరుపుకీ, చెప్పే కథకీ వెళుతుంది.

షీల్డ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. అల్లిన షీల్డ్ గట్టిది, కాస్త బిరుసుగా ఉంటుంది. తీగ చుట్టూ పోగులను ఒకే దిక్కున చుట్టిన షీల్డ్ మెత్తగా వంగుతుంది కానీ, వంపుల దగ్గర పోగులు విడిపోయి సందులు పడే అవకాశం ఎక్కువ. మంచి కేబుళ్లలో షీల్డ్ కింద కరెంటును కొద్దిగా పారనిచ్చే నల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. కేబుల్ కదిలినప్పుడు, ఎవరైనా తొక్కినప్పుడు వచ్చే డబడబ చప్పుడును అది తగ్గిస్తుంది. షాపులో దీన్ని చిటికెలో పరీక్షించవచ్చు. గిటార్‌ను ఆంప్‌కు కలిపి, ఆంప్ వాల్యూమ్ పెంచి, స్ట్రింగ్స్ అరచేత్తో మూసి, కేబుల్‌ను నేలకు రెండుసార్లు తట్టండి. స్పీకర్లో డబ్ డబ్ అంటే పక్కన పెట్టేయండి. తర్వాత రెండు జాక్‌ల దగ్గరా కేబుల్‌ను అటూ ఇటూ వంచి చూడండి. చిన్న చిటపట వినిపించినా అది మీకు వద్దు.

ఎడతెగకుండా వచ్చే సన్నని హమ్‌కు మాత్రం కేబుల్‌ను నిందించకండి. సింగిల్ కాయిల్ పికప్‌లు స్వభావం రీత్యా ఆ హమ్‌ను పట్టుకుంటాయి. గిటార్‌ను పట్టుకుని అక్కడే ఒక చుట్టు తిరగండి. తిరుగుతున్నకొద్దీ హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది పికప్‌లోంచి వస్తున్నదే, ఏ కేబుల్ కొన్నా పోదు.

బాణం గుర్తు గురించి అడిగారు. మీ సిగ్నల్ సెకనుకు పదుల నుంచి వేలసార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు, దానికి వెళ్లే దిక్కంటూ లేదు. కొన్ని కేబుళ్లలో రెండు లోపలి తీగలు పెట్టి షీల్డ్‌ను ఒక చివరే కలుపుతారు, వాటికి బాణం వేయడంలో కొంత అర్థం ఉంది. మామూలు ఒక తీగ కేబుల్‌కు ఎటు పెట్టినా ఒకటే. బంగారు పూత తుప్పు పట్టదు, అది మంచిదే. కానీ మెత్తటి లోహం, రోజూ తీసి పెట్టేచోట అరిగిపోతుంది. నికెల్ పూత చాలు.

ఒకచోట మాత్రం దయచేసి చాలా జాగ్రత్తగా ఉండండి. ఆంప్ హెడ్ నుంచి స్పీకర్ క్యాబినెట్‌కు వెళ్లే కేబుల్, గిటార్ కేబుల్ రెండింటికీ చివర ఒకే రకం జాక్ ఉండొచ్చు. చూడటానికి ఒకేలా ఉన్నా అవి ఒకటి కావు. 300 వాట్ల ఆంప్ 4 ఓమ్‌ల క్యాబినెట్‌ను పూర్తి బలంతో నడిపితే ఎనిమిదిన్నర ఆంపియర్లకు పైగా కరెంటు పారుతుంది. గిటార్ కేబుల్‌లోని సన్నని తీగ దాన్ని మోయలేదు. వేడెక్కుతుంది, తొడుగు కరిగి షార్ట్ అయితే ఆంప్ కాలిపోవచ్చు. అటువైపు ఎప్పుడూ రెండు లావు తీగలున్న స్పీకర్ కేబులే వాడండి, వీలుంటే స్పీకాన్ (తిప్పి బిగించే స్పీకర్) కనెక్టర్లు ఉన్నది. స్పీకర్ కేబుల్‌కు షీల్డ్ ఉండదు కాబట్టి దాన్ని గిటార్‌కు పెట్టినా లాభం లేదు, గోలంతా లోపలికి వచ్చేస్తుంది. లావు తీగ కావాల్సింది ఇక్కడ, గిటార్ దగ్గర కాదు.

మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట, పాత కేబుల్ కదిలినప్పుడల్లా కరకరమంటోందన్నది. కొత్తది కొనేముందు తప్పు కేబుల్‌దేనా అని చూడండి. గిటార్ సాకెట్ నట్ వదులైతే కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. సాకెట్ లోపలి రేకు సాగిపోయి జాక్‌ను సరిగా పట్టుకోకపోయినా అంతే. నట్ బిగించేటప్పుడు సాకెట్ మొత్తం తిరిగిపోకుండా చూసుకోండి, తిరిగితే లోపలి తీగలు తెగుతాయి. స్నేహితుడి కేబుల్ ఒకటి పెట్టి చూస్తే దోషం ఎక్కడుందో నిమిషంలో తేలిపోతుంది. కేబుల్‌దే అని తేలితే, తీగ తెగకుండా ఉంటే బీప్ చేసే మల్టీమీటర్ పెట్టి చూడండి. ఈ చివర జాక్ కొసకూ ఆ చివర కొసకూ బీప్ రావాలి, ఈ చివర ఒంటికీ (కొస వెనకున్న లోహపు భాగం) ఆ చివర ఒంటికీ బీప్ రావాలి, కొసకూ ఒంటికీ మధ్య రాకూడదు. మీటర్ పెట్టి ఉంచి, జాక్ దగ్గర కేబుల్‌ను వంచుతూ చూస్తే ఏ చివర పాడైందో తెలుస్తుంది. ఆ చివర మూడు నాలుగు అంగుళాలు కోసేసి కొత్త జాక్ సోల్డర్ చేసుకుంటే కేబుల్ మళ్లీ నిలబడుతుంది. సోల్డరింగ్ రాకపోతే నేర్చుకోండి. ఒక సాయంత్రం పని, జీవితమంతా పనికొస్తుంది.

ఇంత చెప్పినా ఆ ఖరీదైన కేబుల్ మీద మనసు లాగుతూనే ఉంటే, షాపువారు ఒప్పుకుంటే పరీక్ష పెట్టుకోండి. ఒకే పొడవున్న రెండు కేబుళ్లు తీసుకుని, మీరు వెనక్కి తిరిగి నిలబడండి. స్నేహితుడు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే ఇంకొకటి పెట్టాలి. అదే కేబుల్ మళ్లీ పడినా తీసి పెట్టాలి, లేకపోతే చప్పుడును బట్టి మీకు తెలిసిపోతుంది. ఏ కేబుల్ ఉందో పదిసార్లు చెప్పండి. ఊరికే ఊహించినా అయిదుకు అటూ ఇటూ కరెక్ట్ అవుతాయి. తొమ్మిదో పదో కరెక్ట్ అయితే, అదృష్టంతో అలా జరగడానికి నూటికి ఒక్కటే అవకాశం కాబట్టి, మీరు నిజంగా విన్నట్టే. ఒక్క జాగ్రత్త: లూపర్ పెడల్‌లో (వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించేది) రికార్డు చేసిన ముక్కను రెండు కేబుళ్లలో వినిపించి పోల్చకండి. లూపర్ బయటికి పంపే సిగ్నల్ బలమైనది, దాని ముందు ఏ కేబులైనా ఒకేలా వినిపిస్తుంది. మీ గిటారే, మీ వేళ్లతోనే వాయించాలి.

నేనైతే మీ స్థానంలో ఇలా చేస్తాను. గట్టి జాక్‌లున్న మధ్యరకం కేబుళ్లు రెండు కొంటాను. మీ స్టేజీకి ఆరు మీటర్లు చాలు. గదిలో సాధనకు మూడు మీటర్లది ఉంటే ఇంకా హాయి. అవసరానికి మించిన పొడవు కొనకండి, కెపాసిటెన్సూ పెరుగుతుంది, కాళ్లకూ అడ్డం పడుతుంది. మిగిలిన డబ్బుతో కొత్త స్ట్రింగ్స్ వేయించి, నెక్, బ్రిడ్జి సరిచేయించి మంచి సెటప్ చేయిస్తాను. నాలుగేళ్లుగా సెటప్ జరగని గిటార్ అయితే ఆ తేడా మొదటి స్వరంలోనే వినిపిస్తుంది.

కేబుల్‌ను మోచేతికీ బొటనవేలికీ మధ్య బిగించి చుట్టకండి. అలా చుట్టినప్పుడల్లా లోపలి పోగులు మెలి తిరుగుతాయి. వదులుగా, అది తనకు తాను పడే వలయాల్లో, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి చుట్టండి. వాయించేముందు కేబుల్‌ను గిటార్ బెల్టు వెనక నుంచి ఒకసారి తిప్పి తెచ్చి సాకెట్‌లో పెట్టండి. ఎవరైనా తొక్కితే లాగుడు బెల్టు మీద పడుతుంది, జాక్ మీద పడదు. బాగుచేసిన పాత కేబుల్ చివర ఎర్ర టేపు చుట్టి గిటార్ బ్యాగ్ ముందు జేబులో పెట్టుకోండి. చీకటి స్టేజీ మీద చెయ్యి పెట్టగానే దొరకాలి.